మతాలూ – మంచినీళ్ళూ

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మాది గుణదల. ఇల్లు కొండ కిందే. యేటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలు మూడు రోజులూ మరియమాత తిరునాళ్ళు. ఆ మూడు రోజులూ మా వీధికి నిద్ర వుండదు. యెక్కడెక్కడి నుంచో జనం వస్తారు. గుండుకి గంధం రాసుకున్న పిల్లలు, చేతిలో కొబ్బరికాయా కొవ్వొత్తులూ పట్టుకున్న తల్లులు, మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని మెట్లెక్కే ముసలమ్మలు. వీళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళు యెందరో లెక్కపెడదామని ఒకసారి అరుగు మీద కూర్చున్నాను గాని, పావుగంటలో లెక్క తప్పింది. కొండ దిగి మా అరుగు మీద కూలబడ్డవాళ్ళు, యే వూరివాళ్ళయినా, యే మతంవాళ్ళయినా, అడిగేది ఒక్కటే.

"కాసిని మంచినీళ్ళు ఇప్పించు తల్లీ."

కార్యక్రమం వారు నాకిచ్చిన విషయం "ప్రపంచ మతాల పుట్టుక, మన నిత్యజీవితం మీద వాటి ప్రభావం". చాలా పెద్ద విషయం. నా చదువు పదో తరగతితో ఆగింది. వేదాంతం చెప్పే శక్తి నాకు లేదు. అందుకని మా అరుగు మీద అడిగే ఆ మంచినీళ్ళ దగ్గర మొదలుపెట్టి, అందినంత వరకు చెబుతాను.

ముందు పుట్టుక సంగతి. కిందటేడు మా అబ్బాయికి బడిలో ఇదే విషయం మీద చార్టు తయారుచేయమన్నారు. తల్లీకొడుకులం కింద కూర్చుని గళ్ళు గీశాం. హిందూమతం: స్థాపించిన వ్యక్తంటూ ఒకరు లేరు, వేదాలు మూలం. యూదు మతం: పడమటి ఆసియాలో పుట్టింది, క్రైస్తవానికీ ఇస్లాముకీ పెద్దక్క లాంటిది. జైనం: 24వ తీర్థంకరుడు మహావీరుడు, వైశాలి ప్రాంతం. బౌద్ధం: సుమారు 2,500 యేళ్ళ క్రితం, ఇప్పటి నేపాల్‌లోని లుంబినిలో పుట్టిన గౌతముడు. క్రైస్తవం: బెత్లెహేములో పుట్టిన యేసు. ఇస్లాం: సుమారు 570లో మక్కాలో పుట్టిన మహమ్మదు ప్రవక్త, ఆయన 622లో మదీనాకు తరలివెళ్ళిన నాటి నుంచి వారి శకం లెక్క. సిక్కు మతం: 1469లో పుట్టిన గురునానక్.

చార్టుకి పదికి పది మార్కులు వచ్చాయి. గోడకు తగిలించి చూస్తుంటే నాకు తోచింది, గళ్ళలో వున్నవన్నీ మగవాళ్ళ పేర్లే అని. కానీ ఆ కథలు మనం విననివి కావు కదా. యే మతం కథ తీసుకున్నా, అందులో యెక్కడో ఒక ఆడమనిషి చెంబో గిన్నో పట్టుకుని నిలబడే వుంటుంది. యెముకల గూడైన గౌతముడికి సుజాత పాయసం గిన్నె తెచ్చి ఇచ్చింది. అది తిన్నాకే ఆయన బోధివృక్షం కింద కూర్చున్నాడు. ఇస్లాం సంప్రదాయంలో హాజరా అమ్మగారి కథ వుంది. పసిబిడ్డ ఇస్మాయిల్‌తో ఆమె యెడారి లోయలో మిగిలింది. తోలుతిత్తిలో నీళ్ళు అయిపోయాయి. బిడ్డ దాహానికి అల్లాడుతుంటే సఫా, మర్వా అనే రెండు గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తింది. అప్పుడు పుట్టిన వూటే జమ్‌జమ్. ఇవాళ్టికీ హజ్ వెళ్ళినవాళ్ళు, ఆడా మగా అందరూ, ఆ తల్లి పరుగునే ఏడుసార్లు నడుస్తారు. నీళ్ళకోసం ఒక తల్లి పడ్డ హైరానా కోట్లమందికి ఆరాధన అయింది.

ఇక మా గుణదల కొండకు మూలమైన కథ ఫ్రాన్సు దేశంలోని లూర్దులో జరిగింది. 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే పధ్నాలుగేళ్ళ పేదపిల్ల చెల్లెల్నీ స్నేహితురాల్నీ వెంటేసుకుని కట్టెపుల్లలు యేరుకోవడానికి పోయింది. పొయ్యిలోకి కట్టెలన్నమాట! అక్కడ గుహలో ఆమెకు మాత కనిపించిందని నమ్మకం. అలా పద్ధెనిమిదిసార్లు. ఒకరోజు ఆ పిల్ల మాత చెప్పిందంటూ చేత్తో నేల గీకి, ఆ బురదనీళ్ళు తాగితే చూస్తున్నవాళ్ళు నవ్వారు. తరువాత అక్కడే తేటనీళ్ళు వూరాయి. ఇప్పుడు లూర్దు వెళ్ళినవాళ్ళు సీసాల్లో తెచ్చుకునేది ఆ నీళ్ళే.

ఇవన్నీ దూరదేశాల మాటలు. మన కృష్ణ ఒడ్డుకి ఈ మతాలు యెలా చేరాయో, చేరి మన ఇళ్ళల్లో యేం చేశాయో చూద్దాం.

మనవైపు బౌద్ధం చాలా పాతది. భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట, అమరావతి, అన్నీ ఇక్కడికి ఒక పూట ప్రయాణంలో వున్నవే. అమరావతి స్తూపం రాళ్ళు కొన్ని చెన్నై మ్యూజియంలోనూ, కొన్ని లండనులోనూ వున్నాయి. అంతకు ముందు కొన్ని వూళ్ళో కట్టడాలకు వాడేసుకున్నారు. మిగిలిన రాళ్ళ మీద ప్రాకృతంలో దాతల పేర్లున్నాయి. రాజుల పేర్లకంటే గృహస్థుల పేర్లు, భార్యల పేర్లు, కూతుళ్ళ పేర్లు, భిక్షుణుల పేర్లు చాలా యెక్కువ. నాకు వాటిలో ఒక్క దాత మనసులో నిలిచిపోయాడు. పేరు విధికుడు. వృత్తి చర్మకారుడు, అంటే తోలుపని. తన తల్లితోనూ, భార్యతోనూ, అన్నదమ్ములతోనూ, కొడుకు కూతుళ్ళతోనూ కలిసి అతనొక పలక ఇచ్చాడు. ఆ పలక మీద చెక్కింది పూర్ణఘటం. నిండు నీళ్ళకుండ, అందులోంచి విచ్చుకున్న తామరలు. తన కులవృత్తిని దాచుకోకుండా, మహాచైత్యానికి ఆ పలక ఇచ్చి, దాని మీదనే తన పేరు చెక్కించుకున్నాడు. ఎవరూ అడ్డుచెప్పలేదు కాబట్టే ఆ పేరు మనదాకా వచ్చింది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖరారు చేసిన రాజముద్ర నడుమ వున్నది కూడా అమరావతి శిల్పంలోని పూర్ణఘటమే. ఇకమీద ప్రభుత్వ కాగితమేదైనా చేతికొస్తే ఆ కుండ కేసి ఒకసారి చూడండి.

కృష్ణ పైకి పోతే నాగార్జునకొండ. సాగరు డ్యాము నీళ్ళు ముంచేలోగా, 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవి కొండమీదికి చేర్చారు. ఇప్పుడు లాంచీలో వెళ్ళి చూడాలి. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో అది విజయపురి, ఇక్ష్వాకు రాజుల రాజధాని. ఆ వంశంలో చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. ఆయన స్వంత చెల్లెలు చాంతిసిరి మాత్రం బుద్ధుడి మహాచైత్యం కట్టించింది. ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుడు రాజైన ఆరో యేట పని ముగిసింది. తరువాత్తరువాత ఆ మేనల్లుణ్ణి శాసనంలో అల్లుడని చెప్పుకుంది. మన మేనరికాలు ఈనాటివి కావు చూడండి! అన్నగారి ఇంట హోమం పొగ, చెల్లెలి చేతిలో చైత్యానికి దీపం. ఆ అన్నాచెల్లెళ్ళు ఇందుకు పోట్లాడుకున్నట్టు యెక్కడా రాసిలేదు.

రాజవంశం కాని ఇల్లాలు కూడా ఒకామె వుంది, బోధిసిరి అనే ఉపాసిక. ఆమె శాసనం చదువుతుంటే మన పెళ్ళిళ్ళలో చదివింపుల చిట్టా గుర్తొస్తుంది. పుట్టింటివాళ్ళ పేర్లూ, అత్తింటివాళ్ళ పేర్లూ ఒక్కటీ వదలకుండా రాయించి, తాను కట్టించినవన్నీ వరసగా చెప్పింది. ఫలానా విహారంలో చైత్యగృహం, ఫలానా చోట గదులు, పూర్వశైలంలో ఒక చెరువు, కంటకశైలంలో మహాచైత్యం తూర్పు వాకిట రాతిమండపం. ఆ కంటకశైలమే మన ఘంటసాల.

బెజవాడలో జైనం కూడా అంతే. ఏడో శతాబ్దంలో వేంగిని యేలిన కుబ్జవిష్ణువర్ధనుడు వరాహ లాంఛనం గల చాళుక్యుడు. ఆయన రాణి అయ్యణ మహాదేవి ఈ బెజవాడలోని నడుంబి వసతి అనే జైన ఆలయానికి ముషినికొండ అనే వూరు దానమిచ్చింది. ఆ ఆలయం ఇప్పుడు లేదు. వన్‌టౌనులో వ్యాపారం చేసుకునే జైన కుటుంబాలు మాత్రం వున్నాయి. వాళ్ళలో నిష్ఠగలవాళ్ళు పొద్దుగూకాక ముద్ద ముట్టరు. నీళ్ళు గుడ్డలో వడకట్టనిదే తాగరు, కంటికి కనిపించని పురుగుకి కూడా ప్రాణం వుందని.

నేను చెప్పదలిచిందేమిటంటే, మన కృష్ణాతీరంలో ఒకే ఇంట్లో రెండు మతాలుండటం పదిహేడు వందల యేళ్ళ నాటి అలవాటు. రెండో మతాన్ని గడప దాటించి లోపలికి తెచ్చింది చాలాసార్లు ఆ ఇంటి ఆడవాళ్ళే. మా గుణదల కొండెక్కే బొట్టుపెట్టుకున్న ఆడవాళ్ళకు చాంతిసిరి పేరు తెలియకపోవచ్చు గాని, చేస్తున్న పని ఆమె చేసిందే.

ఇస్లాం మనవైపు ముఖ్యంగా బందరు రేవు మీదుగా, గోల్కొండ పాలన వెంట వచ్చింది. 17వ శతాబ్దంలో బందరు నుంచి ఎర్రసముద్రం రేవులకు ఓడలు పోయేవి, హజ్ యాత్రికులు కూడా వాటిలోనే. ఆ రాకపోకల గుర్తు మన పడకగదిలో వుంది. బందరు, పెడన అద్దకం దుప్పటి పరిచి చూడండి. శ్రీకాళహస్తి కలంకారీలో రాముడూ సీతా వుంటారు. మన అద్దకంలో పూలతీగలు, చెట్లు, ఆకులే. పర్షియావాళ్ళ అభిరుచికి తగ్గట్టు ఇక్కడి అచ్చులు మారాయి. మాటల సంగతి సరేసరి. రోజు, తారీఖు, జేబు, కుర్చీ, రుమాలు, దుకాణం... వీటిని వెనక్కి పంపేస్తే నేను బజారుకెళ్ళి కూరలు కూడా తేలేను. బజారు కూడా వాళ్ళదే.

పల్లెల్లో పీర్ల పండుగ చూసినవాళ్ళకి తెలుసు, పీర్లు వీధిలోకి రాగానే హిందువుల ఇళ్ళవాళ్ళే బిందెలతో నీళ్ళు తెచ్చి వారపోస్తారు. పానకం పంచుతారు. పానకం యెందుకంటే, 680లో కర్బలా దగ్గర ప్రవక్త మనవడు హుస్సేన్‌నూ ఆయన వెంట వున్న పిల్లాపాపల్నీ పక్కనే నది పారుతున్నా నీళ్ళు ముట్టనివ్వలేదు. దాహంతోనే చంపారు. ఆ దాహం తలుచుకుని దారినపోయేవాడికి తియ్యటి నీళ్ళివ్వడం ఆనవాయితీ అయింది. శ్రీరామనవమికీ మనం ఇచ్చేది పానకమే. మా పుట్టినవూళ్ళో రెంటికీ ఒకటే గంగాళం.

మతాల ప్రభావం నిత్యజీవితం మీద అంటే, నాకు ముందు గుర్తొచ్చేది వంటింట్లో వేలాడే క్యాలెండరు. పైన సంవత్సరం క్రీస్తు పుట్టుకతో లెక్క. గళ్ళలో తిథి, నక్షత్రం, రాహుకాలం. మధ్యలో ఆకుపచ్చ నెలవంక వేసి రంజాన్. వీళ్ళందరూ చూసే చంద్రుడు ఒక్కడే అయినా, లెక్కలు మూడు. హిజ్రీ యేడాది 354 రోజులు. ఆ లోటు వాళ్ళు పూడ్చరు, అందుకే రంజాన్ యేటేటా పది పదకొండు రోజులు ముందుకు జరిగి, ఒకసారి మండుటెండల్లో, ఒకసారి చలికాలంలో వస్తుంది. మనమేమో రెండున్నరేళ్ళు దాటాక ఒక అధికమాసం వేసి సర్దుకుంటాం, అందువల్ల సంక్రాంతి తరువాత శివరాత్రి, ఆ తరువాత ఉగాది వరస తప్పవు. క్రైస్తవుల ఈస్టరు మార్చి 21 దాటాక వచ్చే పౌర్ణమి తరువాతి ఆదివారం. బౌద్ధులకు వైశాఖ పౌర్ణమి పెద్దపండుగ. ఆదివారం బడికి సెలవు ఇంగ్లీషువాళ్ళతో వచ్చింది. అమావాస్యనాడు కొత్తపని మొదలుపెట్టకపోవడం మన తాతలది. రెండూ పాటించే ఇంట్లో నెలకి యెన్ని రోజులు పని జరుగుతుందో మావారిని అడగాలి!

క్రైస్తవం సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. 1841లో నోబుల్, ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు బందరులో దిగారు. 1843లో నోబుల్ బడి పెట్టాడు. అందులో చదివినవాళ్ళు చాలామంది పెద్దకులాల పిల్లలు. పల్లెల్లో జనం కదిలింది మాత్రం తరువాత, ధాత కరువప్పుడు, 1876 నుంచి 1878 దాకా. ఒంగోలులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వున్న మాలమాదిగలకు కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

గంజికోసం మతం మార్చుకున్నారని తేలిగ్గా అనేస్తారు. నేనూ అనేదాన్ని. ఆ రోజుల్లో వూరిబావి దగ్గర పరిస్థితి యెలా వుండేదో పెద్దవాళ్ళను అడిగి చూడండి. కడవ పట్టుకుని దూరంగా నిలబడాలి. నీళ్ళు చేదుకునే హక్కులేదు. బావి దగ్గరికొచ్చిన పెద్దకులం ఆడవాళ్ళలో ఎవరికైనా దయపుడితే పైనుంచి పోయాలి. పొద్దున వచ్చిన మనిషి మధ్యాహ్నం దాకా నిలబడ్డ సందర్భాలున్నాయి. చెయ్యి చేదమీద వున్నది మనవంటి ఇల్లాళ్ళదే. అలా నిలబడ్డవాళ్ళని, "నువ్వూ దేవుడి బిడ్డవే, రా, లోపల కూర్చో" అని ఎవరైనా పిలిస్తే వెళ్ళరా? మహద్ చెరువు నీళ్ళు తాగే హక్కుకోసం 1927 మార్చి 20న అంబేద్కరు గారు వేలమందితో నడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆయన 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం తీసుకున్నారు. 2024 జనవరిలో మన విజయవాడ స్వరాజ్ మైదానంలో ఆయన 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. దానికి నూరేళ్ళకు పైగా ముందే, 1917 నవంబరులో, ఇదే బెజవాడలో భాగ్యరెడ్డివర్మ గారి అధ్యక్షతన సభ జరిగి, తమను పంచములని పిలవవద్దు, ఆది ఆంధ్రులమనండి అని చెప్పుకున్నారు.

గుణదల కొండమీద మాత విగ్రహం పెట్టింది 1924లో. ఇక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమం చూసే ఇటలీ దేశపు ఫాదర్ ఆర్లాటి గారు పెట్టించారు. 1933లో కొండ శిఖరాన ఇనుప సిలువ నిలబెట్టారు. ఇప్పుడున్న చర్చి 1971లో ప్రతిష్ఠించింది. విగ్రహం పెట్టింది ఇటలీ ఫాదరే గాని, దాని ముందు కొబ్బరికాయ కొట్టడం, తలనీలాలివ్వడం, బిడ్డల కోసం మొక్కడం, ఇవన్నీ మన జనం తెచ్చినవే. ఇక్కడి క్రైస్తవ స్త్రీల తాళిలో కొందరికి సిలువ వుంటుంది. ముస్లిం స్త్రీలు నల్లపూసలు వేసుకుంటారు. మతం మారినా మెడలో నల్లపూస, పసుపుతాడు అంత తొందరగా మారలేదు.

మారనిది ఇంకొకటి కూడా వుంది. అది చెప్పడానికే ఇంతసేపూ తటపటాయిస్తున్నాను.

మా పెద్దమ్మాయికి మూడేళ్ళప్పుడు జ్వరం పట్టుకుని పన్నెండు రోజులు వదల్లేదు. మా ఇంట్లో అంట్లు తోమడానికి వెనకవీధి నుంచి ఒకామె వచ్చేది. పేరు చెప్పను. క్రైస్తవులు. నాకంటే పదేళ్ళు పెద్దది, అయినా నేను పేరుపెట్టే పిలిచేదాన్ని, ఆమె నన్ను "అమ్మగారూ" అనేది. ఆమే మా అత్తగారితో అంది, "పెద్దమ్మగారూ, కొండమీద మాతకి మొక్కుకోండి. కాయ కొడతానని చెప్పండి చాలు" అని. మా అత్తగారు నిత్యం పోతన భాగవతం చదివే మనిషి. అయినా మనవరాలి ముందు అదంతా ఆలోచించలేదు, ఆ వాకిట్లోనే నిలబడి కొండకేసి చేతులు జోడించింది. పిల్లకి తగ్గింది. డాక్టరు గారి ఇంజెక్షన్లు సగం, మాత సగం అని మా అత్తగారి లెక్క.

మొక్కు తీర్చడానికి ముగ్గురం కొండెక్కాం. పిల్ల నా చంకలో. సగం మెట్లెక్కేసరికి మా అత్తగారికి కళ్ళు తిరిగాయి. ఆమె తన సంచీలోంచి ప్లాస్టిక్ బాటిల్ తీసి మూత విప్పి ఇచ్చింది. మా అత్తగారు ఒక్క క్షణం చూసి, యెత్తి తాగేసింది. పైన కాయ కొట్టి, ఆ చెక్కలు ముగ్గురం పంచుకుని తిన్నాం.

మర్నాడు పొద్దున ఆమె పనికి వచ్చింది. పని అయ్యాక మంచినీళ్ళడిగింది. మా పెరటి గోడమీద ఒక సత్తుగ్లాసు బోర్లించి వుండేది, ఆమె కోసం. నేనే చెంబుతో పైనుంచి ఆ గ్లాసులో పోశాను. తాగి, కడిగి, మళ్ళీ గోడమీద బోర్లించి వెళ్ళింది. అత్తగారు పెట్టిన ఆచారం, నేనేం చేయను అనుకునేదాన్ని అప్పట్లో. పోసింది నా చెయ్యి.

ఆ రోజుల్లోనే మావారి స్నేహితుడొకరు హజ్ వెళ్ళివచ్చి జమ్‌జమ్ నీళ్ళు చిన్నసీసాలో ఇచ్చారు. మా అత్తగారు అరచేతిలో తీర్థంలా పోయించుకుని, కళ్ళకద్దుకుని తాగింది. గుడిలో తీర్థం, మసీదు ముందు వజూ చేసే కొళాయి, చర్చిలో జ్ఞానస్నానం, అన్నిచోట్లా నీళ్ళే కదమ్మా అనేది. నిజమే. ఆ మాటన్నరోజు కూడా గ్లాసు గోడమీదే వుంది.

మతగ్రంథాల్లో ఈ సంగతి లేదా అంటే, బోలెడు వుంది. బౌద్ధ కథల్లో ఆనందుడనే భిక్షువు దారిలో దాహమై బావి దగ్గర ప్రకృతి అనే చండాలపిల్లను నీళ్ళడుగుతాడు. ఆ పిల్ల బెదిరి, తన కులం చెబుతుంది. నేనడిగింది నీళ్ళు కదా తల్లీ, కులం కాదుగా అంటాడతను. రవీంద్రుడు దీన్నే 'చండాలిక' అనే నాటకం చేశాడు. బైబిల్లో యేసు మిట్టమధ్యాహ్నం బావిగట్టున కూర్చుని, తన జాతివాళ్ళు ముట్టుకోని సమరయ స్త్రీని నీళ్ళడుగుతాడు. ఆమె కూడా అచ్చం ప్రకృతిలాగే ఆశ్చర్యపోతుంది, నన్ను అడుగుతున్నావేమిటని. రెండు దేశాలు, రెండు మతాలు, ఒకే బావిగట్టు! అడిగినవాళ్ళు ఇద్దరూ మగవాళ్ళు, కులం గుర్తుపెట్టుకుని బెదిరింది ఆడవాళ్ళు. అంత భయం వాళ్ళకి ఎవరు నేర్పారో నాకు తెలుసు. పెరటిగోడ దగ్గర మేమూ అదే నేర్పాం.

మా అత్తగారికి భాగవతంలో మిక్కిలి ఇష్టమైనది రంతిదేవుడి కథ. నలభై యెనిమిది రోజులు తిండీనీళ్ళూ లేక మాడిన రాజుకి చివరికి కాసింత అన్నం దొరుకుతుంది. అడిగినవారికల్లా పెట్టేస్తాడు. ఒక్కరికి సరిపడా నీళ్ళు మిగులుతాయి. తాగబోతుంటే చండాలుడొకడు వచ్చి దాహమంటాడు. ఆ నీళ్ళూ అతనికే పోసేస్తాడు. కార్తీకమాసంలో ఒకరోజు అరుగుమీద పదిమందిని కూర్చోబెట్టుకుని ఆవిడ ఈ ఘట్టం చదివి వినిపించింది. అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. కథ సగంలో దాహమేసి పెరట్లోకి పరుగెత్తి, చేతికందిన గోడమీది గ్లాసు తీసుకుని కుళాయి నీళ్ళు పట్టుకు తాగింది. అంట్ల దగ్గరున్న ఆమె, "వద్దమ్మా, అది నాది" అంది. నేను లోపలినుంచి కేకేశాను. పిల్ల నాకేసి చూసి, "రంతిదేవుడు కూడా ఇలాంటి గ్లాసులోనే ఇచ్చాడా?" అనడిగింది.

అరుగు మీద అందరూ విన్నారు. మా అత్తగారు పుస్తకం మూసేసింది. ఆమెను ఎవరూ ఒక్కమాట అనలేదు. మర్నాటి నుంచి ఆమె ఇంటి నుంచే బాటిల్ తెచ్చుకోవడం మొదలుపెట్టింది. రెండురోజులు చూసి నేను స్టీలుగ్లాసులో నీళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చాను. "వుందమ్మగారూ" అని బాటిల్ చూపించింది. సత్తుగ్లాసు నేనే తీసి పాతసామాను వాడికి వేశాను. ఆమె మరో మూడేళ్ళు మా ఇంట్లో పనిచేసింది, పండక్కి చీర తీసుకుంది, మా అత్తగారు పోయినప్పుడు నాకంటే యెక్కువ యేడ్చింది. మా ఇంట్లో నీళ్ళు మాత్రం మళ్ళీ ముట్టలేదు.

ఈ యేడు తిరునాళ్ళకి కొండదిగి వస్తూ మా అరుగు మీద కూర్చుంది. ఇప్పుడు కొడుకు దగ్గర వుంటోంది. ఇద్దరు మనవలు, గుళ్ళు చేయించి గంధం రాశారు. అమ్మాయి యెలా వుంది, ఉద్యోగం యెక్కడ అని అడిగింది. నేను లోపలికెళ్ళి పళ్ళెంలో మూడు గ్లాసుల నీళ్ళు తెచ్చాను. పిల్లలిద్దరూ గటగటా తాగేశారు. "నువ్వూ తీసుకో అక్కా" అన్నాను. ఆ పిలుపు విని నవ్వింది.

"బాటిలుంది లేమ్మా" అంది.